లేసిక్ తర్వాత లైట్ల చుట్టూ వలయాలా? దేనికి ఆగొచ్చు, దేనికి ఆగకూడదు?

విశాఖలోనో హైదరాబాద్‌లోనో లేసిక్ చేయించుకుని అమలాపురం వచ్చేశారు. కళ్లజోడు పోయింది. కానీ చీకటి పడ్డాక 216 జాతీయ రహదారి ఎక్కితే ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు, కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. ఆపరేషన్ చేసిన డాక్టరేమో ఎక్కడో దూరంగా ఉన్నారు. ఇప్పుడేం చేయాలి?

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ జరిపించిన అధ్యయనాల్లో, ఆపరేషన్‌కు ముందు ఇలాంటి చూపు సమస్యలేవీ లేనివారిలో 46 శాతం వరకు మూడు నెలల తర్వాత కనీసం ఒక కొత్త లక్షణం ఉందన్నారు. వాటివల్ల రోజువారీ పనులకే బాగా ఇబ్బంది పడినవారు మాత్రం 1 శాతం లోపే.

లేసిక్‌లో కార్నియాపై పలుచని పొరను కోసి మూతలా తెరుస్తారు. ఆ కోతలో సన్నని నరాలు కూడా తెగుతాయి, అందుకే కన్ను పొడిబారుతుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు సర్దుకుంటుంది. అప్పటిదాకా డాక్టరు రాసిన, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు వాడండి. ఫ్యాను గాలి ముఖానికి నేరుగా తగలనివ్వకండి. పొడితనం తగ్గితే రాత్రి చూపు కూడా కొంత మెరుగవుతుంది. వలయాలు తగ్గేదాకా రాత్రి బండి మాత్రం నడపొద్దు. మూడు నెలలైనా తగ్గకపోతే పవర్ మళ్లీ పరీక్ష చేయించుకోండి. కాస్త మిగిలి ఉంటే రాత్రిళ్లకు అద్దాలు సరిపోవచ్చు.

కన్ను నలపకండి, పొర జరగొచ్చు. కొబ్బరి పీచు, ధాన్యం ధూళి ఉన్నచోట రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. డాక్టరు సరే అనేదాకా కాలువలో ఈత వద్దు.

స్టెరాయిడ్ చుక్కల విషయంలో మరింత జాగ్రత్త. చీటీ గడువు అయిపోయినా మందుల షాపులో కొని వేసుకుంటూ పోతే కంటిలో ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరగొచ్చు. పైగా లేసిక్ తర్వాత కార్నియా పలుచబడుతుంది కాబట్టి ఒత్తిడి పరీక్షలో అసలు కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది. ఏ కంటి డాక్టరు దగ్గరకు వెళ్లినా లేసిక్ అయిందని ముందే చెప్పండి.

నొప్పి, ఎరుపు ఎక్కువవుతున్నా, చీము కారినా, చూపు ఒక్కసారిగా మసకబారినా, కంటికి దెబ్బ తగిలినా ఆ రోజే చూపించుకోవాలి. విశాఖ బస్సు కోసం తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ చేస్తూనే అమలాపురంలోనో రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో అందుబాటులో ఉన్న కంటి డాక్టరును కలవండి. రాజోలు, కొత్తపేట వాళ్లయితే బయల్దేరేముందు డాక్టరు ఉన్నారో లేదో ఫోన్‌లో కనుక్కోవడం మేలు. మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కలు, చూపుకు తెర అడ్డుపడినట్టుంటే రెటీనా సమస్య కావచ్చు. దగ్గరి వస్తువులే కనిపించే కళ్లకు లేసిక్‌తో అద్దాలు పోయినా ఈ ముప్పు పోదు.

ఆపరేషన్‌కు ముందున్న పవర్, కార్నియా కొలతలు రాసిన కాగితాలు ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి, ఫోన్‌లోనూ ఫొటో ఉంచుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత శుక్లాల ఆపరేషన్‌కు లెన్సు పవర్ లెక్కకట్టేటప్పుడు డాక్టరు అడిగేవి అవే.