ఓడలో గాలితూము

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడిననాడు దానికి సముద్రతీరము లేదు. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు మాత్రము నెల్లూరు సీమ భాగములు కొన్ని కలియుటచే కొంత తీరము దక్కినది. ఇట్టి మెట్టసీమవారమైన మేము ఓడ డెక్కుమీది గాలితూమును గూర్చి ముచ్చటింప బూనుట శ్రోతలకు వింతగా తోపవచ్చును. కాని ముత్తాతల కాలమున ఈ ప్రాంతపు కూలిజనము వేలకొలదిగా ఓడలెక్కిరి. వారాల తరబడి వారు పీల్చిన గాలి ఆ తూముగుండ దిగినదే.

అప్పటికి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివి. దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకు కూలీలను గొని 'ట్రూరో' అను ఓడ 1860 అక్టోబరులో చెన్నపట్టణము విడిచి, నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. 1911లో ఆ వలస నిలిచిపోవులోపల లక్షా యేబదిరెండు వేలమందికి పైగా నేటాలు చేరిరి. అందు సగమునకు మించినవారు చెన్నపట్టణమున ఓడ యెక్కినవారే. వారిని పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాడు ముందువరుసలోనిది. 1856లోనే రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు రైలు పడినది. 1876–78 నాటి కరవు ఎందరిచేతనో ఇల్లు విడిపించినది. తొలినాళ్ళలో చెన్నపట్టణమున హార్బరు లేదు. మసూలా పడవలో అలలు దాటి, దూరమున నిలిచిన ఓడను చేరవలెను.

తెరచాప ఓడలో వారి తావు పైడెక్కుకును సరకుల అరకును నడుమనున్న అంతస్తు. వందలమంది ఊపిరి, వాంతులు, తడిగుడ్డల కంపు అన్నియు అక్కడనే. పైగాలిని లోనికి దింపుటకు 'విండుసెయిలు' అను సాధనముండెడిది. అది కాన్వాసుతో కుట్టిన పెద్ద గొట్టము. దాని నోటిని గాలికెదురుగా త్రిప్పి పైన వ్రేలాడగట్టి, తోకను డెక్కు కంతలోనికి విడిచెడివారు. కళ్ళములో తూర్పారబట్టువాడు గాలివాలు చూచుకొనునట్లు, నావికుడు దాని నోటిని సవరించుచుండవలెను. గాలి పడిపోయెనా, గొట్టము ఖాళీసంచివలె వ్రేలాడును. తుఫాను వచ్చెనా, మరింత కష్టము. నీరు దిగునని గొట్టమును తీసివైచి, కంతకు మూతబిగించి, పైన కీలుగుడ్డ కప్పుదురు. గాలి మిక్కిలి కావలసిన గడియలోనే అది ఆగిపోవును!

ఆనాటి వైద్యులలో పెక్కురు అనేక రోగములకు చెడుగాలియే మూలమని తలచిరి. కలరాకు కారణము నీరని పిదప తేలినది. అయినను గాలియాడని చోట తట్టు, ఆటలమ్మ వంటివి వేగముగా ప్రాకుననుట నిజమే.

ఈ బాధ కొత్తగా తెలిసినది కాదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్సు అను మతాచార్యుడు కొలిమితిత్తి వంటి వెంటిలేటరును 1741లోనే రాయల్ సొసైటీవారికి నివేదించెను. సట్టను అను మరియొకడు వంటపొయ్యి మంటచేతనే లోని చెడుగాలిని లాగించు గొట్టములు పన్నెను. తిత్తిని నడుపుటకు మనుష్యులు కావలెను గదా. కాన్వాసు గొట్టము చవుక, కావున అదియే చిరకాలము నిలిచెను. పొగయోడలు వచ్చిన పిమ్మట నాదస్వరపు నోటివలె విచ్చుకొన్న ఇనుపతూములు డెక్కులమీద వెలసెను. గాలి యెటులున్న అటు త్రిప్పవచ్చును. కాని అలవచ్చినచో గాలితోపాటు నీరును దిగును.

ఈ చిక్కును విడదీసినది ఒక చిన్న పెట్టె. 1930లో అమెరికాలో నీటికి దిగి, మరుసటి యేడు అట్లాంటికు పందెము గెలిచిన 'డొరేడ్' అను తెరచాప పడవ పేరే దానికి వచ్చినది. ఇందు తూము నేరుగా లోనికి దిగక పెట్టెలో తెరచుకొనును. పెట్టె అడుగున వేరొకచోట, లోనికిపోవు గొట్టము కొంత ఎత్తుగా నిలిచియుండును. నీరు అడుగున పడి ప్రక్కకంతలగుండ డెక్కుమీదికి జారును. గాలి మాత్రము గొట్టమెక్కి లోనికి దిగును. ఇంతే! కొయ్యపని తెలిసిన ఏ వడ్రంగియైన చేయగల పెట్టె. కూలిఓడల కాలము ముగిసిన పిదప, అదియు పందెపు పడవ పేరున ప్రసిద్ధమగుట మాకు చేదుగా తోచును. నేటాలు ఓడల జాబితాలలో కూలివాని పేరు, తండ్రిపేరు, ఊరు, తాలూకా వ్రాయబడియున్నవి. తుఫాను నాడు వాని తలపై మూతబిగించి ఎన్ని గంటలుంచిరో ఆ పట్టికలలో లేదు.

నేడు పాత పడవలలో ఇట్టి తూమును మార్చువారు తూముకంటె ముందు దాని క్రింది కొయ్యను పరీక్షింతురు. పాత మరచీలల కంతలగుండ ఏండ్ల తరబడి నీరు ఊరి కొయ్య మెత్తబడియుండును. చీకినంతమేర తొలిచి, గట్టికొయ్య నతికి, అంచున లప్పము పట్టించి, కొత్త పెట్టెను బిగింతురు. నీరుపోవు కంతలు పల్లమువైపున నున్నవో లేవో సరిచూతురు. కడపట పైన బిందెడు నీరు కుమ్మరించి, లోనికి దిగి పొడిచేతితో తడివి చూతురు.