అద్దం అవతలి సర్వీసింగు

మా బాపు సింగరేణిలో ముప్పై ఏళ్ళకు పైగా ఈపీ ఫిట్టరు. 35 టన్నుల డంపర్లు, 60 టన్నుల డంపర్లు విప్పి బిగించిన చేతులు. గోలేటిలో రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి ఒక చిన్న కారు కొన్నాడు. మొన్న నేను ఊరెళ్ళినప్పుడు దాని మూడో ‘ఫ్రీ’ సర్వీసింగు తేదీ వచ్చింది. మా దగ్గర షోరూములు లేవు కాబట్టి పొద్దున్నే బెల్లంపల్లి మీదుగా మంచిర్యాల వెళ్ళాం.

బండి లోపలికి పోయింది. బాపు కూడా దాని వెంటే నడవబోయాడు, అలవాటు కొద్దీ. యూనిఫాం వేసుకున్న కుర్రాడొకడు చెయ్యి అడ్డం పెట్టి "సార్, సేఫ్టీ సార్, కస్టమర్లు అక్కడ కూర్చోవాలి" అని ఏసీ గది చూపించాడు. గదికి పెద్ద అద్దం, అద్దం అవతల బండ్లు. మా బండి మాత్రం స్తంభం వెనకాల ఉంది, కనిపించదు. టీ బాగుంది.

మధ్యాహ్నం బిల్లు చేతికొచ్చింది. ఆరువేల తొమ్మిది వందల చిల్లర. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కలిపి రెండున్నర వేలు కూడా దాటలేదు. మిగతాదంతా ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనర్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, వీల్ అలైన్‌మెంట్, ఇంకా ఏదో కోటింగ్. లేబర్ దగ్గర మాత్రం సున్నా అని పెద్దక్షరాలతో వేశారు, ఫ్రీ కదా మరి.

బాపు బిల్లు రెండుసార్లు చదివి "ఏందిరా గివి? పదివేల కిలోమీటర్లకే ఇంజన్ల ఏం ఫ్లష్ చేస్తరు? డంపర్లకే మేము గట్ల చెయ్యలే" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "కంపెనీ షెడ్యూల్ బాపూ" అన్నాను. అది అబద్ధమని ఆ రాత్రి ఓనర్స్ మాన్యువల్ తీసి చూస్తే తెలిసింది. మొదటి పదివేలకి అందులో రాసింది నూనె, ఫిల్టరు మార్చడం, మిగతావి చెక్ చేయడం. అంతే.

అసలు ఈ షెడ్యూలు, ఈ ఫ్రీ సర్వీసింగు, ఈ అద్దం ఎక్కడినుంచి వచ్చాయో అని అప్పటినుంచి తవ్వడం మొదలుపెట్టాను.

మా ప్రాంతంలో ఒకప్పుడు కారంటే ఆఫీసర్ల అంబాసిడరు, లేకపోతే కంపెనీ జీపు. అంబాసిడరు 1957లో వచ్చింది, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన అవతారం. దాని గొప్పతనం ఏమిటంటే అది మారలేదు. 1960ల్లో పని నేర్చుకున్న మెకానిక్కు 1980ల్లో కూడా అదే బండి విప్పేవాడు. పాయింట్లు గీకి సెట్ చేయడం, కార్బొరేటర్ ట్యూనింగు, టాపెట్లు, ప్లగ్గులు, నిపిల్స్‌కి గ్రీజు కొట్టడం... ఇవన్నీ తరచూ చేయాల్సినవే, కానీ ఏ షెడ్డులోనైనా అయిపోయేవి. సామాను కావాలంటే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికేది, కంపెనీదో డూప్లికేటుదో మన ఇష్టం. బండి తరచూ మొరాయించేది, అది వేరే విషయం. పాతకాలమంతా బంగారం అని నేననను. కానీ బండిలో ఏముందో తెలిసినవాడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు.

పెద్ద సంస్థలు ఆ తెలివిని తమ దగ్గరే పెట్టుకున్నాయి. నిజాం రైల్వే కింద 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ చివరికి మన ఆర్టీసీ అయింది. ఇప్పటికీ మంచిర్యాల, ఆసిఫాబాద్ లాంటి డిపోల్లో బస్సుల మెయింటెనెన్సు డిపోలోనే జరుగుతుంది. సింగరేణిలో 1970ల్లో ఓపెన్‌కాస్టులు మొదలైనప్పటి నుంచీ ఏరియా వర్క్‌షాపులూ, ఫిట్టర్లూ ఉన్నారు. గనిలో షెడ్యూలు కిలోమీటర్ల లెక్కన ఉండదు, అవర్ మీటరు చూస్తారు. డంపరు నిలబడి ఇంజన్ తిరుగుతున్నా గంటలు పడతాయి కదా. ఇన్ని గంటలకి నూనె, ఇన్ని గంటలకి ఫిల్టరు అని. మా ఇంట్లో పాత డైరీల నిండా అవే లెక్కలు. అంటే షెడ్యూల్డ్ మెయింటెనెన్సు మా బాపుకి కొత్తేం కాదు, ఆయన జీవితమంతా చేసింది అదే. కొత్తగా వచ్చింది ఆ ఏసీ గది.

ఆ గదికి పునాది మారుతితో పడిందని నా అభిప్రాయం. మారుతి ఉద్యోగ్ 1981లో ఏర్పడింది. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ హర్పాల్ సింగ్ అనే ఆయనకి మొదటి మారుతి 800 తాళాలిచ్చారు. సుజుకీ వాళ్ళు కారుతో పాటు ఒక పద్ధతి కూడా తెచ్చారు. కంపెనీ గుర్తింపు ఉన్న సర్వీస్ స్టేషన్లు, ఫ్రీ సర్వీస్ కూపన్ల పుస్తకం, ఇన్ని కిలోమీటర్లకి ఇది అని పట్టిక. నిజం చెప్పాలంటే అది మంచి పనే. అప్పటిదాకా బండి ఆగాకే మెకానిక్కు దగ్గరికి పోయే దేశానికి, ఆగకముందే వెళ్ళాలని నేర్పింది. అయితే కూపన్లో ఫ్రీ అయ్యేది మనిషి కూలి, నూనె కాదు, సామాను కాదు. ఆ మూడు కూపన్లు వాడుకునేలోపు మనకి ఒక అలవాటు పడుతుంది. నాలుగోసారి కూపన్ ఉండదు, అలవాటు ఉంటుంది :)

ఇంకో వైపు నుంచి చూస్తే డీలరు బాధ డీలరుది. కొత్త కారు అమ్మితే మిగిలేది చాలా తక్కువ శాతం, అందులోనే డిస్కౌంట్లు, స్టాకు మీద వడ్డీ. షోరూము అద్దెలు, జీతాలు సర్వీసు, విడిభాగాలు, ఇన్సూరెన్సు వైపు నుంచి రావాలి. అందుకే సర్వీస్ అడ్వైజర్‌కి బండికింత అని టార్గెట్లు. మంచిర్యాల కుర్రాడు మా బాపుని మోసం చేద్దామని నిద్రలేచి ఉండడు. నెలాఖరుకి వాడి లెక్క వాడికుంటుంది.

ఇక్కడ పన్నుల కథ ఒకటి చెప్పాలి, నాకు బాగా నచ్చిన భాగం ఇది. 2001 జులై 16న కేంద్రం బండ్ల సర్వీసింగు మీద సర్వీస్ టాక్స్ వేసింది, 5 శాతం. కానీ అందరి మీదా కాదు, తయారీదారు గుర్తించిన ‘ఆథరైజ్డ్ సర్వీస్ స్టేషన్ల’ మీద మాత్రమే. అంటే అధికారిక షెడ్డు, మామూలు షెడ్డు అనే గీతని పన్నుల చట్టమే గీసి పెట్టింది. 2011 మే నుంచి ఆ గీత తీసేసి అందరినీ కలిపారు (చిన్నవాళ్ళకి పరిమితి వరకూ మినహాయింపు ఉంది). రేటు మాత్రం 5 నుంచి 8, 10, 12 ఎక్కి, మధ్యలో ఒకసారి 10కి దిగి, 2015లో 14, 2016కి సెస్సులతో 15, 2017 జులైలో జీఎస్టీతో 18 అయింది. చాలా విడిభాగాల మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18కి దిగింది. కాబట్టి మన బిల్లులో కొంత ప్రభుత్వానిది, మొత్తం నెపం షోరూము మీద వేయకూడదు.

కానీ అసలు మార్పు బానెట్ కింద వచ్చింది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగియడంతో కార్బొరేటరు పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది, దాన్ని నడిపే ఈసీయూ వచ్చింది. 2010 తర్వాత ఓబీడీ దశలవారీగా తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది, దానికి వెయ్యి రూపాయల బ్లూటూత్ ముక్క తగిలిస్తే ఫోన్లో ఎర్రర్ కోడ్లు చదువుకోవచ్చు. నేను చదివాను కూడా. అయితే అందులో అందరికీ ఒకేలా ఉండేవి పొగకి సంబంధించిన కోడ్లు. కంపెనీ సొంత కోడ్లు, తాళం ప్రోగ్రామింగు, మార్చిన భాగాన్ని ఈసీయూకి పరిచయం చేయడం లాంటివి చాలావరకు కంపెనీ పరికరంతోనే అవుతాయి. నా భాషలో చెప్పాలంటే, రీడ్ పర్మిషన్ కొంత ఇచ్చి రైట్ పర్మిషన్ దాచుకున్నారు. అంబాసిడర్ పాయింట్లు గీకిన మెకానిక్కుకి తెలివి తగ్గలేదు, పాస్‌వర్డ్ లేదు. అంతే తేడా.

దీని మీద మన దేశంలో పెద్ద కేసే నడిచింది. ఎందుకో మనవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2011లో షంషేర్ కటారియా అనే ఆయన కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. విడిభాగాలు బయట అమ్మరు, బయటి మెకానిక్కులకి మాన్యువళ్ళు, పరికరాలు ఇవ్వరు, బయట చేయిస్తే వారంటీ పోతుందని భయపెడతారు అని. మొదట మూడు కంపెనీల మీద మొదలైన విచారణ దాదాపు మొత్తం పరిశ్రమకి పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందులో టాటా మోటార్స్‌ది 1346 కోట్లు, మారుతిది 471 కోట్లు. హ్యుందాయ్‌కి విడిగా 2015లో 420 కోట్లు. జరిమానా కన్నా ఆదేశాలు ముఖ్యం. విడిభాగాలు బహిరంగ మార్కెట్లో దొరకాలి, ధరలు అందరికీ కనిపించేలా పెట్టాలి, బయటి మెకానిక్కులకి సమాచారం, శిక్షణ అందాలి, బయట రిపేరు చేయించిన పాపానికి గంపగుత్తగా వారంటీ రద్దు అనే షరతు పెట్టకూడదు.

అన్నట్టు 2014 విచిత్రమైన సంవత్సరం. జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది, మేలో అంబాసిడర్ ఆగింది, జూన్ 2న తెలంగాణ వచ్చింది, ఆగస్టులో ఈ తీర్పు. మొదటి మూడూ మా ఇంట్లో అందరికీ గుర్తే. నాలుగోది నాకు ఇన్నేళ్ళ తర్వాత వెతికితే తెలిసింది.

తర్వాత ఏమైందంటే, మామూలే, కోర్టులు. 2016 డిసెంబర్లో అప్పిలేట్ ట్రైబ్యునల్ కొన్ని కంపెనీల విషయంలో తప్పు జరిగిందని ఒప్పుకుంటూనే జరిమానా లెక్కని బాగా కుదించింది. మొత్తం వ్యాపారం మీద కాదు, విడిభాగాల వ్యాపారం మీద మాత్రమే లెక్కకట్టాలని. మిగతా కంపెనీలు హైకోర్టుల చుట్టూ తిరిగాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రిపేరు హక్కు’ కోసం కమిటీ వేసి, డిసెంబర్లో ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్ అంటే సమాచారం, చట్టం కాదు.

అమెరికాలో ఉన్న మా కాలేజీ మిత్రుడితో ఇది మాట్లాడితే "ఇక్కడ ఎవడి దగ్గర ఆయిల్ మార్చినా వారంటీకి ఏం కాదురా, రసీదు దాచుకుంటే చాలు" అన్నాడు. నిజమే, అక్కడ 1975లోనే మాగ్నసన్-మాస్ చట్టం వచ్చింది. ఫలానా బ్రాండు సామానే వాడాలని, మా దగ్గరే చేయించాలని వారంటీకి ముడిపెట్టడం దాని కింద కుదరదు. 2012లో మసాచుసెట్స్ ప్రజలు ఏకంగా ఓటేసి కార్ల రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకి ఇవ్వాలన్నారు. యూరప్‌లో 2002 నుంచీ ఇలాంటి నిబంధనలున్నాయి. అంటే ఇది కుదరని పని కాదు. మన దగ్గర తీర్పు ఉంది, మంచిర్యాల కౌంటర్ దాకా దాని కబురు రాలేదు.

మళ్ళీ గోలేటికి. మర్నాడు బాపు టౌన్‌షిప్ దగ్గరి మెకానిక్ షెడ్డుకి బండి తీసుకెళ్ళాడు. ఆ అన్న టూవీలర్లతో మొదలుపెట్టి ఇప్పుడు కార్లు కూడా చూస్తాడు. బానెట్ లేపి, క్లిప్పులు విప్పి ఎయిర్ ఫిల్టర్ బయటికి తీశాడు. నల్లగా ఉంది. బొగ్గు గనుల పక్కన తిరిగే బండి కదా, దుమ్ము ఎక్కువ. దుమ్ము ప్రాంతాల్లో ఫిల్టర్ మామూలు కన్నా తరచుగా చూడాలి, అవసరమైతే ముందే మార్చాలి అని మాన్యువల్లోనే విడిగా రాసి ఉంది. ఆరువేల తొమ్మిది వందల బిల్లులో ఆ ఒక్కటి లేదు. చెక్ లిస్టులో మాత్రం దాని ఎదురుగా ‘ఓకే’ అని టిక్కు ఉంది.

బాపుకి కోపం రాలేదు, అది నాకు ఆశ్చర్యం. ఫిల్టర్ని చేతిలో తిప్పి చూసి "గనిల గిట్ల టిక్కు కొట్టి ఉంటే నాకు చార్జిషీటు ఇస్తుండె" అన్నాడు. కొత్త ఫిల్టర్ నాలుగు వందలు, బిగించినందుకు ఆ అన్న ఏమీ తీసుకోలేదు. "కాకా, నెక్స్ట్ టైం ఆయిల్ నా దగ్గరనే మార్పియ్, కంపెనీ ఆయిలే తెస్త" అన్నాడు.

బాపు వెంటనే ఒప్పుకోలేదు. వారంటీ ఇంకా ఉంది. కమిషన్ తీర్పు సంగతి నేను చెప్పాను, మాన్యువల్లో రాసిన గ్రేడు నూనె వాడి బిల్లు దాచుకుంటే చాలనీ చెప్పాను. "నువ్వు చెప్తున్నవ్ సరే, రేపు ఇంజన్ పోతే ఆ కాయితం పట్టుకొని ఢిల్లీ ఎవడు పోవాలె, నువ్వా?" అన్నాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం చూస్తే పాత డైరీ ఒకటి తీసి కారు కోసం కొత్త పేజీ మొదలుపెట్టాడు. తేదీ, కిలోమీటర్లు, ఎయిర్ ఫిల్టర్, ధర. కింద ఇంకో వరుస గీసి వారంటీ అయిపోయే తేదీ రాసి, దాని చుట్టూ గుండ్రంగా చుట్టాడు.