తలుపు తీసిన కళాశాలలు

1958 ఫిబ్రవరి. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, గ్రీన్స్‌బరో నగరం. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించడానికి వస్తున్నారు. అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. బస్సుల్లో జాతి వివక్షకు వ్యతిరేకంగా సాగిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ గెలిచి ఏడాది దాటింది. ఆయన పేరు దేశమంతా మోగుతోంది. అయినా సభకు చోటిచ్చేవాళ్లు ఊళ్లో దొరకలేదు. తెల్లవాళ్ల ఆగ్రహానికి గురవుతామని అందరికీ భయం. ఆఖరికి తలుపు తీసింది బెన్నెట్ కాలేజీ. నల్లజాతి అమ్మాయిలు చదువుకునే చిన్న కళాశాల అది. దాని అధ్యక్షురాలు విల్లా ప్లేయర్ కూడా నల్లజాతి మహిళే. స్వేచ్ఛ గురించి పాఠాలు చెప్పే చోట కింగ్ మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతారని ఆమె వాదన. ఫిబ్రవరి 11న కళాశాల ప్రార్థనా మందిరం కిక్కిరిసిపోయింది. ఆ జనంలో ఎజెల్ బ్లెయిర్ అనే స్కూలు కుర్రాడూ ఉన్నాడు.

రెండేళ్లు తిరగకుండానే ఆ కుర్రాడు అదే ఊళ్లోని ఎ అండ్ టి కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థిగా, ముగ్గురు స్నేహితులు డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెక్‌కెయిన్, జోసెఫ్ మెక్‌నీల్‌తో కలిసి వూల్‌వర్త్ దుకాణంలోకి వెళ్లాడు. 1960 ఫిబ్రవరి 1 అది. తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే కౌంటర్ ముందు కూర్చుని నలుగురూ కాఫీ అడిగారు. ఇవ్వలేదు. వీళ్లు లేవలేదు. మర్నాడు మరికొందరు వచ్చారు, వారం తిరిగేసరికి వందల మంది. బెన్నెట్ అమ్మాయిలు ఆ ఆలోచనలో మొదటినుంచీ ఉన్నవాళ్లే. చరిత్ర వాళ్ల పేర్లు చెప్పడానికి చాలాకాలం పట్టింది. జులై 25న దుకాణం దిగివచ్చి నల్లవాళ్లకూ వడ్డించింది.

ఏటా జనవరి మూడో సోమవారం అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో కింగ్ స్మారక సభలు జరుగుతాయి. 1983లో చట్టమై, 1986 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ సెలవు అది. 1994లో మరో చట్టం దాన్ని సేవాదినంగా మార్చింది. అందుకే ఆ రోజు చాలా క్యాంపస్‌లలో ఉపన్యాసాలతో పాటు పనులూ ఉంటాయి. శరణార్థి కుటుంబాలకు దుప్పట్లు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు సేకరించడం వాటిలో ఒకటి. కింగ్‌కూ శరణార్థులకూ ఏమిటి సంబంధమని అడిగేవాళ్లకు గ్రీన్స్‌బరో చరిత్ర చదవమంటాను.

ఊరి పశ్చిమాన గిల్‌ఫర్డ్ కాలేజీ ఉంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు 1837లో స్థాపించిన విద్యాసంస్థ. దాని చుట్టూ ఉన్న అడవిలోనే, కళాశాల పుట్టకముందే, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు తలదాచుకునేవారు. అక్కడి క్వేకర్ లెవై కాఫిన్ కుటుంబం వాళ్లకు అన్నం పెట్టి, ఉత్తరానికి దారి చూపేది. ఆ కాలం నాటి ట్యులిప్ పాప్లర్ చెట్టు ఇప్పటికీ నిలబడి ఉంది. అయితే ఇంత చరిత్ర ఉన్న ఆ కళాశాలే నల్లజాతి అమెరికన్ విద్యార్థులను 1962 దాకా చేర్చుకోలేదు. వూల్‌వర్త్ కౌంటర్ తర్వాత రెండేళ్లకన్నమాట. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటిది చెప్పుకోవడం న్యాయం కాదు.

2015 సెప్టెంబరులో సిరియా నుంచి లక్షలమంది కదిలిపోతున్నప్పుడు, యూరప్‌లోని ప్రతి చర్చి ఒక్కో కుటుంబాన్ని ఆదుకోవాలని పోప్ ఫ్రాన్సిస్ పిలుపునిచ్చారు. గిల్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ బోధించే దియా అబ్దో, ప్రతి కళాశాలా ఆ పని ఎందుకు చేయకూడదని ఆలోచించారు. జోర్డాన్‌లో పెరిగిన పాలస్తీనా శరణార్థుల బిడ్డ ఆమె. క్యాంపస్‌లో ఖాళీ ఇళ్లున్నాయి, భోజనశాల ఉంది, గ్రంథాలయం ఉంది, కారు నడపగల విద్యార్థులున్నారు. కొత్తగా దిగిన కుటుంబానికి మొదటి నెలల్లో కావలసినవి సరిగ్గా ఇవే. అద్దె బెంగ లేకుండా నాలుగు రోజులు గడిస్తే ఉద్యోగం వెతుక్కోవచ్చు, పిల్లల్ని బడిలో వేయవచ్చు. ‘ఎవ్రీ క్యాంపస్ ఎ రెఫ్యూజ్’ అలా మొదలైంది. మరికొన్ని కళాశాలలు కూడా ఆ బాట పట్టాయి. విద్యార్థులు విమానాశ్రయానికి వెళ్లి కుటుంబాన్ని తీసుకొస్తారు, ఆస్పత్రికి తోడు వెళ్తారు, ఇంగ్లిష్ నేర్పుతారు. పౌరహక్కుల పాఠానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల నాకు కనిపించదు.

కింగ్ సహచరుడు బేయర్డ్ రస్టిన్ జీవితం చూసినా పౌరహక్కులకూ శరణార్థులకూ మధ్య ఇదే బంధం కనిపిస్తుంది. పౌరహక్కుల కోసం 1963లో జరిగిన వాషింగ్టన్ మహాప్రదర్శనను తెర వెనక నిలబెట్టిన మనిషి ఆయన. 1970ల చివర్లో థాయిలాండ్ శిబిరాలకు వెళ్లి వియత్నాం, కంబోడియా శరణార్థులను చూసి వచ్చారు. వాళ్లను అమెరికాలోకి రానివ్వాలని నల్లజాతి నాయకుల చేత 1978లో పత్రికా ప్రకటన ఇప్పించారు. నల్లవాళ్లకే ఉద్యోగాల్లేవు, వీళ్లెందుకన్న మాట అప్పుడూ వినిపించింది. రస్టిన్ దాన్ని ఒప్పుకోలేదు. 1980లో శరణార్థుల చట్టం వచ్చింది. ఆ ఏడాది అమెరికా రెండు లక్షలకు పైగా శరణార్థులను చేర్చుకుంది.

మనవాళ్లకూ ఈ కథలో వాటా ఉంది. అమెరికా 1946 చట్టం భారతీయులకు ఏడాదికి సుమారు వంద వలస వీసాలే ఇచ్చేది. పుట్టిన దేశాన్ని బట్టి కోటా పెట్టే ఆ పద్ధతిని రద్దు చేసే చట్టంపై 1965 అక్టోబరు 3న సంతకం పడింది. నల్లజాతివారి ఓటు హక్కును కాపాడే చట్టం వచ్చిన ఏడాదే ఇదీ వచ్చింది. జాతిని బట్టి మనుషులను వేరు చేయకూడదని వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లు తెచ్చిన మార్పు ఇది. ఆ తర్వాతే తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడగలిగారు. ఇవాళ ఆ క్యాంపస్‌లలో చదువుతున్న మన పిల్లలకు ఈ సంగతి ఇంట్లో ఎవరైనా చెప్పారా? చెప్పాలి. జనవరిలో వాళ్లు కింగ్ సభలో కూర్చున్నప్పుడు అది పరాయి చరిత్ర అనిపించకూడదు.

2025లో కింగ్ దినం జనవరి 20న పడింది. అధ్యక్షుడి ప్రమాణ స్వీకారమూ అదే రోజు. శరణార్థుల రాకను నిలిపివేసే ఉత్తర్వుపై ఆ రోజే సంతకం పడింది. 2026 ఆర్థిక సంవత్సరానికి గరిష్ఠ పరిమితి 7,500 మందికి కుదించారు. అంతకుముందు ఏడాది అది 1,25,000. అయితే అప్పటికే వచ్చి చేరిన కుటుంబాలు గ్రీన్స్‌బరో లాంటి ఊళ్లలోనే ఉన్నాయి. పిల్లలకు లెక్కల ట్యూషన్ కావాలి, పెద్దలకు డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష ఉంది, తల్లులకు ఇంగ్లిష్ తరగతికి వెళ్లడానికి కారు కావాలి. ఈ పనులకు ఏ ఉత్తర్వూ అడ్డు రాదు. వారానికి రెండు గంటలు ఇవ్వగల విద్యార్థి ఉంటే చాలు.