అక్కడ కోరంగివారు, ఇక్కడ బర్మావారు

నిఘంటువులు ‘రంగము’ అన్న మాటకు నాట్యస్థానమనీ, యుద్ధభూమి అనీ అర్థాలు చెబుతాయి. ఉత్తరాంధ్రలోనూ, గోదావరి తీరంలోనూ పెద్దల నోట ఆ మాటకు మరొక అర్థముండేది. రంగమంటే రంగూను, నేటి యాంగోను. “వాళ్ళ తాత రంగం వెళ్ళాడు” అంటే బర్మాకు కూలికి పోయాడని భావం.

మేస్త్రీ చేతిలో పెట్టిన బయానాతో ఓడ ఎక్కి, ఆ బాకీ తీరేదాకా చాకిరీ చేయడమే ఆనాటి వలస తీరు. రేవులో మూటలు మోసినవారు, ధాన్యపు మిల్లుల్లో పనిచేసినవారు, రంగూను వీథుల్లో రిక్షా లాగినవారు మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూను నగరంలో సగానికి పైగా మన దేశస్థులే ఉండేవారు. అక్కడ తెలుగు కూలీలను ‘కోరంగీ’లనేవారు. కాకినాడ చెంతనున్న కోరంగి ఒకప్పుడు పేరుపడ్డ ఓడరేవు. 1839 నాటి తుఫాను దానిని ఛిన్నాభిన్నం చేసింది. రేవు క్షీణించినా దాని పేరు మాత్రం సముద్రానికి ఆవలి ఒడ్డున బ్రతికింది.

ఈ వలసను గూర్చి రాసినవారున్నారు. తిరిగి వచ్చినవారి కంటికి స్వదేశం ఎలా కనబడింది అన్న ప్రశ్న మాత్రం మనం అంతగా వేసుకోలేదు.

తిరుగురాక రెండు పర్యాయాలు పెద్దఎత్తున జరిగింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి వశమైంది. లక్షలాదిమంది అరకాను దారినీ, మణిపురం కొండల మీదుగానూ నడిచి వచ్చారు. దారిలో రోగాలకూ ఆకలికీ రాలిపోయినవారు అనేకులు. 1962లో అక్కడ సైనిక పాలన ఏర్పడింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, ఏభై, నూరు చాట్ల నోట్లను రద్దుచేశారు. ఓడల్లో మరో వెల్లువ వచ్చింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆనాటి గుర్తే. 1942లో వచ్చినవారిలో చాలామందికి స్వగ్రామం తెలుసు. 1964లో వచ్చినవారిలో అనేకులు అక్కడే పుట్టినవారు. వారు ‘తిరిగి’ వచ్చిన ఊరు అంతకుముందు ఎన్నడూ చూడనిది.

నేను విశాఖలో తెలుగు చెప్పిన కాలంలో అటువంటి కుటుంబాల పిల్లలు నా తరగతుల్లో ఉండేవారు. వారి అవ్వలతో, తాతలతో మాట్లాడే అవకాశం నాకు కలిగింది. నేను ఓడల గురించి అడిగితే, వారు దిగాక చూసినదాన్ని చెప్పేవారు.

మొదట వారిని తికమకపెట్టినది ఇంటిపేరు. బర్మీయులకు ఇంటిపేరు లేదు. పుట్టిన వారాన్ని బట్టి పేరులోని తొలి అక్షరం నిర్ణయించే ఆచారముంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఊ థాంట్ పేరులోని ‘ఊ’ మన ‘గారు’ వంటి గౌరవవాచకమే. అటువంటి చోటునుండి వచ్చిన మనిషికి ఇంటిపేరుతోనే పరిచయం మొదలయ్యే మన పద్ధతి వింతే కదా! ఒక అవ్వ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: “రంగంలో మీదేవూరని అడిగీవోరు మాస్టారూ. ఇక్కడ మీరేట్లని అడిగినారు.”

ఇక ఆడవారి సంగతి. బర్మాలో బజారు స్త్రీల చేతిలో ఉండేది. పెళ్ళయినా ఆమె పేరు మారదు, ఆస్తిలో ఆమెకు హక్కుంటుంది. అది చూసి వచ్చిన కోడళ్ళకు ఇక్కడి గడపలు చాలా ఎత్తుగా తోచాయట.

మూడవది చదువు. బౌద్ధ విహారాలే పల్లె బడులు కావడం చేత ఆనాటి బర్మాలో అక్షరాస్యత మనకంటే చాలా ఎక్కువ. సంతకం రాని కూలీ, అక్కడ సామాన్య రైతు చదవడం కళ్ళారా చూసి వచ్చాడు. బిడ్డను బడిలో వేయడానికి నా వద్దకు వచ్చిన ఆ ఇళ్ళవారికి చదువు విలువ నేను చెప్పవలసిన పని ఎన్నడూ కలగలేదు.

వంటింటి మాటొకటి. పులియబెట్టిన చేపల ముద్దను వారు ‘ఙపీ’ అంటారు. ‘ఙ’తో మొదలయ్యే మాట తెలుగులో లేదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన నాకు, ఆ అక్షరం మా విద్యార్థుల ఇళ్ళలో నిత్యం వంటకు పనికొస్తోందని అప్పుడే తెలిసింది.

బర్మా స్వర్గమని నా భావం కాదు. 1930 మేలో రంగూను రేవులో సమ్మె ముగిసి తెలుగు కూలీలు మళ్ళీ పనిలోకి వచ్చినప్పుడు చెలరేగిన అల్లర్లలో మనవాళ్ళు ఎందరో హతులయ్యారు. ‘కలా’ అన్న ఈసడింపు మాట వారు రోజూ విన్నదే. అయినా పరదేశం పెట్టిన బాధ వేరు, స్వదేశంలో కనబడిన లోపం వేరు. మొదటిదాన్ని వారు ఊహించే వెళ్ళారు. రెండవది మాత్రం వారు అనుకోనిది.

అక్కడ ఉన్నన్నాళ్ళూ మన రేవు పేరుతో కోరంగివారు. ఇక్కడికి వచ్చాక ఆ దేశం పేరుతో బర్మావారు. ఏ ఒడ్డున ఉంటే అవతలి ఒడ్డు పేరే వారికి దక్కింది.

1964లో పదేళ్ళ బాలునిగా ఓడ దిగినవారికి నేడు డెబ్భై దాటింది. మీ ఊళ్ళో, మీ బంధువర్గంలో అటువంటి పెద్దలుంటే వెళ్ళి పలకరించండి. ఎలా వచ్చారని అందరూ అడిగే ఉంటారు. దిగిన మొదటి వారంలో మన ఊళ్ళో ఏది వింతగా తోచిందో అడగండి, చెప్పినది చెప్పినట్టు రాసి ఉంచండి.