మచిలీపట్నంలో విదేశీ వర్తక పెట్టుబడులు

17వ శతాబ్దంలో ఐరోపా వర్తక సంఘాలు మచిలీపట్నం (బందరు) లో స్థావరాలు నెలకొల్పి స్థానిక వస్త్ర పరిశ్రమలో పెట్టిన మూలధనాన్ని, విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి ఒక తొలి రూపంగా పరిశీలించవచ్చు. వర్ధమాన దేశాలకు పెట్టుబడులను రప్పించే ముఖ్య కారణాలు (వనరులు, విపణి, ఖర్చు, ప్రభుత్వ విధానం) ఇక్కడ కూడా కనిపిస్తాయి.

స్థావరాలు

డచ్చివారు 1605లో ఇక్కడికి వచ్చారు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ అనే ఓడకు పులికాట్‌లో డచ్చివారు అడ్డుపడగా, అది నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. ఫ్రెంచివారు 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో స్థావరం ఏర్పరచుకొన్నారు. అప్పట్లో "ఫ్యాక్టరీ" అంటే కర్మాగారం కాదు. సరకు నిల్వచేసే గిడ్డంగి, వర్తకుల కార్యాలయం, నివాసం కలిసిన ప్రదేశం.

ఆకర్షించిన కారణాలు

* వనరులు: పరిసర గ్రామాలలో నేతగాళ్ళు, అద్దకపువారు ఉండేవారు. ఎర్రరంగుకు వాడే చిరివేరు ఈ తీరంలోనే లభించేది.
* విపణి: ఇక్కడి వస్త్రాలకు ఆగ్నేయాసియా దీవులలో గిరాకీ ఉండేది. వాటిని ఇచ్చి అక్కడ సుగంధ ద్రవ్యాలు కొనేవారు.
* ప్రభుత్వ విధానం: 1632 నాటి "బంగారు ఫర్మానా" ప్రకారం ఆంగ్లేయులు ఏటా 500 వరహాలు చెల్లించి గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చు. సుంకం ముందే తెలియడం వలన వర్తకులకు అనిశ్చితి తగ్గింది.

స్థానికులపై ప్రభావం

కంపెనీలు వెండి, బంగారం తెచ్చి, మధ్యవర్తుల ద్వారా నేతగాళ్ళకు బయానా ఇచ్చేవి. దీనివలన నూలు కొనడానికి డబ్బు, నిలకడైన పని దొరికేవి. కాని బయానా తీసుకొన్నవారు సరకును ఆ వర్తకునికే ఇవ్వవలసి వచ్చేది. అందుచేత మంచి ధర ఇచ్చే మరొకరికి అమ్ముకొనే వీలు తగ్గేది.

క్షీణత

1630-32 నాటి కరవు, స్థానిక అధికారుల ఒత్తిళ్ళు వర్తకాన్ని దెబ్బతీశాయి. ఆంగ్లేయులు 1641లో కోరమాండల్ తీర ప్రధాన కేంద్రాన్ని మద్రాసుకు మార్చారు. 1687లో గోల్కొండ పతనంతో రేవుకు రాజాశ్రయం పోయింది. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేయవలసి రావడం మరొక లోపం. 1864 తుఫానులో సుమారు 30,000 మంది మరణించారు.

నేటి నిర్వచనంతో పోలిక

నేడు అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రమాణం ప్రకారం విదేశీ సంస్థలో కనీసం 10 శాతం ఓటింగు హక్కు ఉంటే ప్రత్యక్ష పెట్టుబడిగా లెక్కిస్తారు. నాటి కంపెనీలకు మగ్గాలపై యాజమాన్యం లేదు. వాటి పట్టు బయానాల ద్వారా ఏర్పడింది. పైగా ఆ కంపెనీలకు సొంత సైన్యాలుండేవి. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుండి మచిలీపట్నాన్ని యుద్ధంలోనే గెలుచుకొన్నారు. కనుక ఈ పోలిక కొంతవరకే వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* కలంకారీ
* పెడన
* గోల్కొండ
* దివిసీమ