తాకట్టు బంగారం చూసిన కళ్ళు: మన వై.వి.రెడ్డి గారి కథ

ఏజెంటుకు డబ్బు కట్టాల్సిన రోజున ఇంట్లో ఆడవాళ్ళ గొలుసు, గాజులు తాకట్టుకు వెళ్ళడం మనలో చాలామందికి తెలిసిన సంగతే. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. 1991లో మన దేశమే అలా బంగారం తాకట్టు పెట్టింది. ఆ కష్టకాలంలో ఢిల్లీ ఆర్థిక శాఖలో కూర్చుని విదేశీ చెల్లింపుల లెక్కలు చూసిన అధికారుల్లో ఒకరు మన కడప జిల్లా మనిషి, డాక్టర్ యాగా వేణుగోపాల్ రెడ్డి గారు. ఆదివారం లిటిల్ ఇండియాలో రూపాయి రేటు చూసుకుని ఇంటికి డబ్బు పంపే మనకు ఆయన కథ తెలియాలి.

రెడ్డి గారు 1941 ఆగస్టు 17న పాటూరు గ్రామంలో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ., ఉస్మానియాలో పి.హెచ్.డి. చేశారు. కొంతకాలం లెక్చరర్‌గా పనిచేసి 1964లో ఐ.ఏ.ఎస్.లో చేరారు. జిల్లా కలెక్టరుగా, రాష్ట్ర ఆర్థిక శాఖలో, ప్రపంచ బ్యాంకులో సలహాదారుగా పనిచేశారు. అంటే పల్లెలో రైతు అప్పూ తెలుసు, దేశాల అప్పూ తెలుసు.

ఇక 1991 సంగతి. అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. లక్షకు పైగా మనవాళ్ళు కట్టుబట్టలతో ఇంటికి చేరారు. పెట్రోలు ధర పెరిగింది. దేశం దగ్గర డాలర్లు కరిగిపోయి, రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు వడ్డీ కోసం దాచుకున్న డిపాజిట్లు భయంతో వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ జులైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానంలో లండన్‌కు పంపి, సుమారు 40 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. బంగారాన్ని విమానాశ్రయానికి తీసుకెళ్తుంటే దారిలో వ్యాను ఆగిపోయి అందరికీ గుండె ఆగినంత పనైందని రెడ్డి గారే తర్వాత చెప్పారు. ఆ నెలలోనే రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. డాలరు 21 రూపాయల నుంచి 26 దాకా వెళ్ళింది. ప్రధానిగా మన పి.వి.నరసింహారావు గారు, ఆర్థిక మంత్రిగా మన్మోహన్ సింగ్ గారు కొత్తగా వచ్చిన రోజులవి.

ఇక్కడ మనం గమనించాల్సిన మాట ఒకటుంది. వడ్డీ కోసం వచ్చిన డబ్బు భయం వేయగానే పారిపోయింది. కూలి డబ్బు మాత్రం పారిపోలేదు. అది బియ్యానికి, పిల్లల ఫీజుకు, అప్పు తీర్చడానికి పంపే డబ్బు. దేశానికి కష్టం వచ్చినా ఇంటికి పంపక తప్పదు. మరుసటి ఏడాది అలా వచ్చిన సొమ్ము ఇంకా పెరిగింది కూడా.

తాకట్టు విడిపించారు గాని, ఆ పాఠాన్ని రెడ్డి గారు మరిచిపోలేదు. 1996లో రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరయ్యారు. 2002లో అంతర్జాతీయ ద్రవ్యనిధిలో మన దేశం తరఫున కూర్చున్నారు. 2003 సెప్టెంబరు 6న రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు.

అవి మంచి రోజులు. విదేశీ డబ్బు వరదలా వస్తోంది. అందరూ సంబరపడుతుంటే ఆయన గట్టు కట్టే పనిలో పడ్డారు. వచ్చిన డాలర్లు కొని దాచారు. 2008 ఫిబ్రవరి చివరికి ఆ నిల్వ 30,000 కోట్ల డాలర్లు దాటింది. బ్యాంకులు తమ డిపాజిట్లలో నూటికి నాలుగున్నర రూపాయలు రిజర్వ్ బ్యాంకులో ఉంచే చోట, దాన్ని మెల్లగా తొమ్మిది రూపాయల దాకా పెంచారు. ఇళ్ళ మీద, స్థలాల మీద ఎడాపెడా అప్పులివ్వకుండా నిబంధనలు బిగించారు. దేశం ఎదుగుదలకు అడ్డం పడుతున్నారని పెద్దపెద్దవాళ్ళే విమర్శించారు. ఆ రోజుల్లో ఇల్లు కట్టుకుందామని లోను కోసం వెళ్ళినవారికి వడ్డీ భారం కూడా తగిలింది. అది దాచాల్సిన సంగతి కాదు.

2008 సెప్టెంబరు 5న ఆయన పదవీకాలం ముగిసింది. సరిగ్గా పది రోజులకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ప్రపంచమంతా కుదేలైంది. సింగపూర్ కూడా మాంద్యంలో పడింది. మన దేశానికీ దెబ్బ తగిలింది గాని, పెద్ద బ్యాంకేదీ కూలలేదు. అమెరికాకు రెడ్డి లాంటి గవర్నరు ఉండి ఉంటే ఇంత గతి పట్టేది కాదన్న అర్థంలో నోబెల్ గ్రహీత జోసెఫ్ స్టిగ్లిట్జ్ మెచ్చుకున్నారు. 2010లో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆయన కాలంలో జరిగిన మరో పని పేపర్లలో అంతగా పడలేదు గాని, మనకు చాలా దగ్గరిది. 2005 నవంబరులో, పెద్దగా నిల్వ లేకపోయినా పేదలకు ఖాతా తెరవాలని రిజర్వ్ బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. అంతకు ముందు కనీస నిల్వ లేదని గుమ్మంలోంచే తిరిగి వచ్చిన అమ్మలు, అక్కలు ఎందరో. డబ్బు నేరుగా ఇంటి ఇల్లాలి పేరు మీద చేరితేనే అది ఇంటికి చేరినట్టు.

తాకట్టు పెట్టిన దేశమే 2009 నవంబరులో ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం కొన్నది. అప్పటి గవర్నరు దువ్వూరి సుబ్బారావు గారు కూడా తెలుగువారే. 2024లో విదేశాల నుంచి మనవాళ్ళు ఇంటికి పంపిన సొమ్ము సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాలేదు. అందులో మన రెండు మూడు వందల సింగపూర్ డాలర్లూ ఉన్నాయి.

మిత్రులారా! ఓవర్‌టైం బాగా దొరికే నెలలు ఎప్పుడూ ఉండవు. మంచి రోజుల్లో గట్టు కట్టుకోవడమే రెడ్డి గారి కథలో మనకు పనికొచ్చే మాట. దొరికిన నెలలోనే కొంత పక్కన పెడదాం. ముందుగా తాకట్టులో ఉన్న గాజులు విడిపిద్దాం.