ఒక్క గడ్డ, రెండు పట్టికలు: నడిగడ్డ బోయల విద్యాధికార చరిత్ర

మన సంఘ కార్యదర్శిగారు ఈ సంవత్సరపు సంచికకు కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కోరిరి. కులచరిత్రమన్నంతనే పురాణముతో నారంభించి, రాజుల పేరులు చదివి, జయధ్వానముతో ముగించుట మనలో వాడుక. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగును సంస్కృతమును చెప్పిన నాకు అట్టి వ్యాసము వ్రాయుట కష్టము గాదు. కాని నేడు మన బిడ్డల విద్యను నిర్ణయించుచున్నది పురాణము గాదు, ప్రభుత్వపు పట్టిక. ఏ పట్టికలో మన పేరున్నదో, అది యెప్పుడు చేరెనో, మఱియొక పట్టికలో నేల చేరలేదో తెలిసికొనుటయే నేడు మనకు కావలసిన చరిత్రము. దానినే యథామతి విన్నవింతును.

1. పూర్వరంగము

మన పూర్వులు చరిత్రమునకు దెలియనివారు గారు. తొమ్మిదవ శతాబ్దిలో గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టములను జయించెనని అద్దంకి శాసనము చెప్పుచున్నది. జయింపవలసి వచ్చెననగా అంతకుముందు వానికి స్వాతంత్ర్యముండెననియే గదా అర్థము. 1705లో ఔరంగజేబు పాదుషా తాను స్వయముగా సాగించిన కడపటి ముట్టడి బేడర నాయకుల వాగినగెర కోటపైననే. ఆ వంశపు సురపుర ప్రభువు వెంకటప్ప నాయకుడు 1858లో ఆంగ్లేయులతో పోరి పతనమయ్యెను. చిత్రదుర్గ నాయకుల రాజ్యము 1779లో హైదరాలీ వశమయ్యెను.

ఇవి మనకు గర్వకారణములే. అయినను రాజ్యము కొందఱిది. తలారితనము, కావలి, వేట, కూలి యనునవి పెక్కుమందివి. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యను ప్రసిద్ధి గలదు. ఏటేట నచ్చటికి పండితులు చేరి శాస్త్రచర్చలు చేసి సంభావనలు గైకొనెడివారు. ఆ కోటను గాచిన కులములకు కోటలోని విద్వత్సభలో చోటు లేకుండెను. నేడదే కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేర ప్రభుత్వ కళాశాల నడచుచున్నది. వనపర్తి రాజప్రాసాదములో 1959లో పాలిటెక్నికు వెలసినది. కోటలు బడులైనవి. వానిలోని కెవ్వరు ప్రవేశింతురనునది మాత్రము ఇంకను ప్రశ్నగానే యున్నది.

ఇక వాల్మీకి మాట. ఆదికవి మన కులమువాడను విశ్వాసము మనకు ప్రాణసమానము. దాని నెవ్వరును కించపఱుపరాదు. కాని సంస్కృతము చదివినవాడనుగాన ఒక సత్యము చెప్పక తప్పదు. వాల్మీకి కిరాతుల నడుమ జీవించినట్లు చెప్పు కథ అధ్యాత్మరామాయణములోనిది. ఉత్తరకాండలోనో ఆ మహర్షి తాను ప్రచేతసుని పదవ కుమారుడనని చెప్పుకొనెను. గ్రంథములలోనే యిట్లు భేదముండగా, దీనిని ప్రభుత్వము నెదుట సాక్ష్యముగా నిలుపుట మనకే హాని. విశ్వాసము పూజామందిరములో నుండవలెను, అర్జీలో ఆధారముండవలెను.

2. చేని గట్టు సరిహద్దైన కథ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న అంతర్వేది పడమట రాయచూరునుండి తూర్పున అలంపురము వఱకు ఒక్కటే గడ్డ. నిజాము ప్రభుత్వములో గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివి. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్ర పునర్విభజన శాసనముచే ఈ రెండు తాలూకాలును ఆంధ్రప్రదేశములో చేరినవి. తక్కిన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రములో చేరెను. భాషను బట్టి చేసిన విభజన న్యాయమైనదే. కాని గద్వాలకును రాయచూరునకును నడుమ ఏఱు లేదు, కొండ లేదు. చేని గట్టు మాత్రమే యున్నది. ఆ గట్టున కిరువైపుల మనవారికి కంచము పొత్తును మంచము పొత్తును నేటికిని గలవు. ఇట బోయ, అట బేడరు లేక నాయకుడు.

విభజననాటికి ఇరువైపులవారి స్థితి యొక్కటే. 1950 నాటి హైదరాబాదు రాష్ట్రపు షెడ్యూల్డు తెగల పట్టికలో అంధులు, భిల్లులు, చెంచులు, గోండులు, కొండరెడ్లు, కోయలు, కోలాములు, ప్రధానులు, తోటీలు ఉండిరి. బోయలు గాని బేడరులు గాని అందు లేరు. మైసూరు రాష్ట్రములో నాయ్కడ, నాయక యను పేరులు మొదట బొంబాయినుండి వచ్చిన జిల్లాలకు పరిమితమై యుండెను. 1976 నాటి శాసనము ఆ ప్రాంతపరిమితిని దీసివేసెను. 1991లో పార్లమెంటు నాయక్, బేడ, బేడర, వాల్మీకి యను పేరులను కర్ణాటక పట్టికలో చేర్చెను. నాటినుండి గట్టున కావలివారు షెడ్యూల్డు తెగవారు. ఈవలివారు వెనుకబడిన తరగతులలో ‘ఏ’ వర్గమువారు. కోస్తాంధ్ర ఏజెన్సీలోని వాల్మీకులు షెడ్యూల్డు తెగలలోనున్నను, వారును మనమును ఒకటేనా యనునది వేఱొక విచారము.

ఈ భేదమేమి చేయునో నేను కన్నులార జూచితిని. గట్టు ప్రాంతమునుండి నాయొద్ద చదివిన యొక బాలుడు లెక్కలలోను శాస్త్రములలోను చుఱుకైనవాడు. వాని మేనత్త కొడుకు రాయచూరు ప్రాంతమువాడు. సెలవులలో వచ్చి వీనితోపాటు నా యరుగుమీద చదువుకొనెడివాడు. 1990వ దశకపు తుదిలో ఇరువురును వైద్యవిద్యకు పరీక్ష వ్రాసిరి. అచటివానికి స్థానము లభించెను, ఇచటివానికి లభింపలేదు. ఇరువురి పరీక్షలును వేఱుగనుక మార్కులు పోల్చుట సరికాదు. కాని ఆనాడు వాడు నన్నడిగిన మాట నేటికిని నా చెవులలో నున్నది: “సారూ, మేమిద్దరం ఒక్క తాత మనుమలమే గదా! వానికున్న కాయితం నాకెందుకు లేకపాయె?” నాయొద్ద సమాధానము లేకుండెను. వాడిప్పుడు పత్తి విత్తనముల ఆర్గనైజరుగా జీవించుచున్నాడు. వాని బావ రోగులను జూచుచున్నాడు.

న్యాయస్థానమునకు బోయిన నేమగును? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీముకోర్టు ఒక రాష్ట్రములో షెడ్యూల్డు తెగవాడైనవాడు మఱియొక రాష్ట్రములో అట్లు కాజాలడని తీర్పు చెప్పెను. అదియు వైద్య కళాశాల ప్రవేశమును గూర్చినదే. వాది మన తెలుగువాడే. 2000లో మిలింద్ కేసులో, పట్టికను మార్చు నధికారము పార్లమెంటుకే గాని కోర్టులకు లేదని స్పష్టపడెను. కనుక మన త్రోవ శాసనపు త్రోవయే.

3. పట్టికల చరిత్రము నేర్పు పాఠము

మద్రాసు రాష్ట్రములో కళాశాల స్థానములను కులములవారీగా పంచిన ఉత్తరువును 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీముకోర్టు కొట్టివేసెను. వెంటనే అదే సంవత్సరము రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, 15వ అధికరణములో 4వ ఖండము చేరెను. వెనుకబడిన తరగతులకు విద్యాస్థానములు కేటాయించుటకు నాటినుండి రాష్ట్రములకు ఆధారమేర్పడెను.

ఆంధ్రప్రదేశములో 1963లోను 1966లోను చేసిన పట్టికలు కోర్టులలో నిలువలేదు. 1968లో సాగర్ కేసులో సుప్రీముకోర్టు అడిగినది ఒక్కటే: ఈ కులములు వెనుకబడినవనుటకు మీ పరిశీలన యేది? ప్రభుత్వము చూపలేకపోయెను. అదే యేట కమీషను ఏర్పడెను. అనంతరామన్‌గారి యధ్యక్షతన ఆ కమీషను 1970లో నివేదిక సమర్పించెను. 1970 సెప్టెంబరులో నూటికి 25 స్థానములు వెనుకబడిన తరగతులకు నిర్ణయమయ్యెను. ‘ఏ’ వర్గమునకు 7, ‘బి’కి 10, ‘సి’కి 1, ‘డి’కి 7. 1972లో బలరాం కేసులో సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. 1968లో ఓడినదియు, 1972లో గెలిచినదియు ఒకే న్యాయము. నడుమ చేరినది పరిశీలన. 1986లో మురళీధరరావు కమీషను నివేదికను బట్టి 25ను 44గా పెంచిన ఉత్తరువు హైకోర్టులో నిలువలేదు. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు మొత్తము కేటాయింపులకు సామాన్యముగా నూటికి 50 హద్దు విధించెను.

అనంతరామన్ కమీషను మనలను చేర్చిన ‘ఏ’ వర్గపు శీర్షికయే గమనింపదగినది: ఆదిమ తెగలు, విముక్త జాతులు, సంచార, అర్ధసంచార జాతులు. మనము తెగవారమని ప్రభుత్వపు పట్టికయే యొక విధముగ నంగీకరించినది. చెల్లప్ప కమీషను 2016లో మనకనుకూలముగా నివేదించెను. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ వాల్మీకి బోయలను షెడ్యూల్డు తెగలలో చేర్చుమని తీర్మానించెను. ఆ తరువాతి మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు అట్లే చేసెను. తీర్మానము తుది గాదు. రాష్ట్రపు సిఫారసును రిజిస్ట్రారు జనరలు, జాతీయ తెగల కమీషను అంగీకరించిన పిమ్మట పార్లమెంటు శాసనము చేయవలెను. వారు చూచునవి 1965లో లోకూరు సంఘము చెప్పిన లక్షణములు: ఆదిమ జీవనచిహ్నములు, ప్రత్యేక సంస్కృతి, ఏకాంత నివాసము, పరులతో గలియుటకు సంకోచము, వెనుకబాటు. పల్లెలలో అందఱితో గలిసియున్న మనకు మూడవదియు నాలుగవదియు నిరూపించుట సులభము గాదు. ఈ కష్టమును దాచి జనులకు ఆశలు చూపుట సంఘపెద్దలకు తగదు.

4. యోగ్యత యను మాట

కులమును బట్టి స్థానమిచ్చిన యోగ్యత నశించుననువారు గలరు. వారి మాటను హేళనతో త్రోసివేయక విచారింతము. విద్యకధికారి యెవడను ప్రశ్న మన దేశములో నేటిది గాదు. ఛాందోగ్యములో సత్యకాముడు తన గోత్రము తెలియదని నిజము చెప్పగా గౌతముడు వానిని శిష్యునిగా గైకొనెను. సత్యమే యోగ్యతయని కొందఱు దీనిని జూపుదురు. బ్రహ్మసూత్రములలోని అపశూద్రాధికరణమున అదే కథ శూద్రునకు అధికారము లేదనుటకు సాక్ష్యమైనది. ఒకే కథ ఇరుపక్షములకును పనికివచ్చెను. కనుక కథను విడిచి కన్నులయెదుటి దానిని జూతము.

2011 జనగణన ప్రకారము నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో చదువను వ్రాయను వచ్చినవారు ఇంచుమించు సగమే. పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పని వచ్చెనా, బడిలో సగము బెంచీలు ఖాళీ. తెల్లవారకమునుపే చేనికి బోయి పూమొగ్గలు గిల్లి వచ్చిన బాలికయు, రాజధానిలో లక్షల రుసుముతో శిక్షణ పొందిన బాలుడును ఒకే ప్రశ్నపత్రము వ్రాసినపుడు, మార్కులు యోగ్యతను మాత్రమే కొలుచుచున్నవని నేను చెప్పజాలను. అయినను మనలోను స్థిరపడిన కుటుంబములు గలవు. ఉద్యోగి బిడ్డయే మఱల మఱల స్థానము గైకొని, క్రాసింగు చేయు బిడ్డ చేనిలోనే యుండిపోయిన, ప్రతిపక్షము వారి మాటకు మనమే బలమిచ్చినవారమగుదుము.

5. చెంచుల మాట

మన కోరికకు ఆదివాసులే అడ్డు చెప్పుచున్నారు. వారిని నిందించుటకు ముందు నాగరుకర్నూలు జిల్లాలోని నల్లమల వైపు చూడుడు. అమ్రాబాదు అడవులలోని చెంచులు 1950 నుండియు పట్టికలోనున్నవారు. పట్టికలోనున్నను ఎందఱు చెంచు బిడ్డలు వైద్యులైరి? పేరు పట్టికలో చేరినంతనే బడి దగ్గఱకు రాదనుటకు వారే నిదర్శనము. 2022లో తెలంగాణలో తెగల భాగము నూటికి 6 నుండి 10కి పెరిగెను. అందు మనమును ప్రవేశించిన, మిక్కిలి బలహీనుల కంచములోని ముద్దకే చేయి చాపినట్లగునని వారి భయము. అది న్యాయమైన భయమే.

గద్వాల వైద్య కళాశాలలో 2024లో 50 స్థానములతో చదువు మొదలయ్యెను. అఖిల భారత భాగము నూటికి 15 పోగా, ‘ఏ’ వర్గపు 7 స్థూలముగ మూడు స్థానములగును. తెగల 10 నాలుగగును. మూడింటికిని నాలుగింటికిని నడుమ భేదమెంత? పోటీపడువారి సంఖ్యలోను, తోడివచ్చు గురుకులములు మొదలగు సౌకర్యములలోను భేదము గలదు, నిజమే. కాని స్వర్గద్వారము తెఱచుకొనునని తలంపరాదు. 2024 ఆగస్టులో సుప్రీముకోర్టు షెడ్యూల్డు కులములలో ఉపవర్గీకరణము చెల్లునని తీర్పు చెప్పెను. 2025లో తెలంగాణ మూడు వర్గములుగా శాసనము చేసెను. అట్లే మన కోరికలోను ఒక షరతు మనమే చేర్చుకొందము: చెంచులవంటి వారి భాగము వేఱుగా భద్రమైన పిమ్మటనే మాకును చోటిండు. అట్లు కోరినచో మన వాదము బలహీనపడదు, గౌరవము పొందును.

6. కర్తవ్యము

వనపర్తి సంస్థానములో బుట్టిన రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసెను. మన ప్రాంతమువారే యగు సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా పనిచేసిరి. భాగ్యరెడ్డివర్మగారు అదే నగరములో ఆదిహిందువుల బిడ్డలకు పాఠశాలలు నడిపిరి. కేటాయింపు లేని కాలములోను వారు ఊరక కూర్చుండలేదు. ఒకరికి సంపద యుండెను, ఒకరికి లేకుండెను. పట్టుదల ఇరువురికిని గలదు.

కనుక మన సంఘమునకు నా విన్నపములు మూడు. ఊరూర మన కుటుంబముల చదువు, భూమి, వలస, ఆచారముల లెక్క వ్రాసి భద్రపఱచుడు. 1968లో లేక ఓడినదియు, 1972లో గలిగి గెలిచినదియు అదియే. క్రాసింగు దినములలో ఒక్క బిడ్డయు బడి మానకుండ మన చేల యజమానులు ఈ సభలోనే మాట యిండు. పోషక మహాశయులు గద్వాలలో మన బాలికలకొక వసతిగృహము నిర్మింపుడు. అందు చెంచు బాలికలకును కొన్ని చోట్లుంచుడు.

నా శిష్యుని ప్రశ్నకు నేనానాడు సమాధానము చెప్పలేకపోయితిని. వాని కుమార్తె ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నది. పట్టిక మాఱునో మాఱదో, ఎప్పుడు మాఱునో పార్లమెంటు చెప్పవలెను. ఆ బాలిక చదువునకు మాత్రము మనము ఈ సంవత్సరమే సమాధానము చెప్పవచ్చును.

శుభం భూయాత్.